పదకొండు రేడియోలు

ఏప్రిల్ 11

ఇది ఆఫీసులో ఇచ్చిన ప్లానర్. మొదటి మూడు నెలల పేజీలూ ఖాళీ. ఉద్యోగంలో నా మొదటి మూడు నెలలూ అంతే.

ఇవాళ ఫీల్డ్ వర్క్. పల్లెనాదం అని ప్రజల డబ్బుతో నడిచే రేడియో స్టేషన్ ఒకటుంది. దాని మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ ముసలిదైపోయింది. దాన్ని ఇంకా పోషించాలా, లేక ఆపేసి యాప్‌లో స్ట్రీమింగ్ మాత్రమే ఉంచాలా? తేల్చే పని మా కంపెనీకి ఇచ్చారు. కంపెనీ దాన్ని మా టీమ్ లీడ్ దుర్గేష్‌కి ఇచ్చింది. దుర్గేష్ నాకు ఇచ్చాడు. ఎండ మాత్రం నేరుగా నాకే.

అత్తాపూర్ నుంచి స్కూటీ మీద శంషాబాద్ ఆఫీసుకి, ట్యాబ్ తీసుకుని అక్కణ్ణుంచి కొత్వాల్‌గూడకి. హిమాయత్‌సాగర్ నీళ్ళు బాగా వెనక్కి వెళ్ళాయి. నీళ్ళు వదిలిన నేలంతా పాలకూర, మెంతి, పశువుల గడ్డి. కనుచూపు మేర ఒక్క చెట్టు లేదు. ఆ బయల్లో ముసలి మొగుడూ పెళ్ళాలు కూర పీకుతున్నారు. జంగయ్య, చంద్రమ్మ. మడి గట్టున పాతిన కర్రకి పాలిథిన్ కవర్ తొడిగిన రేడియో వేలాడుతోంది. ఎవరికోసమో పాడుతోంది. మూడు నాలుగు నిమిషాలకొక విమానం నెత్తిమీదుగా దిగుతుంది. అది పోయేదాకా ప్రశ్న మధ్యలో ఆపుకుని నిలబడాలి. వాళ్ళు తల కూడా ఎత్తరు.

నాలుగో ప్రశ్న, మీరు రేడియో వింటారా? చంద్రమ్మకి నవ్వొచ్చింది. "మేమెక్కడ ఇంటం బిడ్డా? అది మొత్తుకుంటది, మేం పని చేసుకుంటం." 'వినరు' అని టిక్ పెట్టాను.

ఏడో ప్రశ్న, ప్రసారంలో శబ్దాలేమైనా వస్తాయా? జంగయ్య హుషారుగా చెప్పాడు, వస్తయ్, చిటచిటా మంచిగొస్తయ్ అని. 'అంతరాయాలు ఉన్నాయి' అని టిక్ పెట్టాను.

పదకొండోది, ప్రజల డబ్బుతో ఈ ప్రసారం కొనసాగాలా? జంగయ్య జవాబు చెప్పకుండా నన్ను ఇంటికి తీసుకెళ్ళాడు. ట్రంకుపెట్టె అడుగు నుంచి పాత రేడియో లైసెన్సు బుక్కు తీశాడు. రేడియో ఉంటే పోస్టాఫీసులో ఏటా ఫీజు కట్టాల్సిన కాలం నాటిది. వాళ్ళ నాన్న పేరు, వరసగా స్టాంపులు. మా బాపు ఎన్నడో కట్టిండు, మళ్ళ గిదేంది అన్నాడు. ట్యాబ్‌లో దానికి ఆప్షన్ లేదు. 'చెప్పలేను' నొక్కాను.

ఏప్రిల్ 12

భోజనాల దగ్గర నాన్నతో చిన్న వాదన. పట్టాభిరామయ్యగారికి వాదన అంటే పెరుగన్నంలోకి ఊరగాయ లాంటిది. ఎవరూ వినని దానికి నా పన్ను ఎందుకమ్మా అంటారు. వినేవాడు కొనుక్కుంటాడు కదా అంటారు. మన ఇంట్లో ఐదు స్ట్రీమింగ్ యాప్‌లకి కడుతున్నాం, అమ్మ వాటిల్లో చూసేది ఒకే ఒక్క సీరియల్ అన్నాను. అది నా ఇష్టంతో కడుతున్నాను, ఎవరూ జేబులో చెయ్యి పెట్టి తీసుకోవడం లేదు అన్నారు.

నిజానికి నాకూ ఆయన మాటే సబబనిపించింది. ఒప్పుకోలేదు.

ఏప్రిల్ 29

మూడు ఊళ్ళ డేటా అయిపోయింది. రేడియో వింటామన్న వాళ్ళు తొమ్మిది శాతం. అంతరాయాలున్నాయన్న వాళ్ళు ఎనభై ఒక్క శాతం.

వినని వాళ్ళకి అంతరాయం ఎలా తెలిసింది? ఒక్క క్షణం అనిపించింది. దుర్గేష్ అప్పటికే గ్రాఫ్‌లో రెండో గీతకి ఎర్రరంగు వేసేశాడు.

మే 6

భయం ఇంకా దిగలేదు. రాసేస్తే పోతుందేమో.

చంద్రమ్మ కన్సెంట్ ఫారం మీద వేలిముద్ర సరిగా పడలేదు. మళ్ళీ వేయించుకు రమ్మన్నారు. మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాను. తెల్లటి ఎండ. ఉక్క. రేడియోలో ఏదో పాట. ఇంకు ప్యాడ్ మూత తీస్తున్నాను. పాట మధ్యలో చిట్ మంది. కాసేపాగి చిటచిట. నూనెలో ఆవాలు వేసినట్టు.

ఇద్దరూ ఒకేసారి లేచారు. జంగయ్య కర్రతో సహా రేడియో పీకి భుజాన వేసుకున్నాడు. పీకిన కూర అక్కడే పడేశారు. చంద్రమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది. ఎక్కడికీ, ఫారం అయిపోలేదు అంటున్నాను. ఆకాశం శుభ్రంగా ఉంది. ఆమె వినలేదు. నా చెప్పు ఒకటి మడిలో ఉండిపోయింది.

ఇంట్లోకి వచ్చిన పావుగంటకి పడమటి వైపంతా నల్లబడింది. వాన కంటే ముందు మెరుపొచ్చింది. గుమ్మంలోంచి చూస్తున్నాను. మేం నిలబడిన చోటికి కాస్త అవతల నిలువునా దిగింది. కళ్ళు మూసుకున్నా ఆ గీత కనిపిస్తూనే ఉంది.

అప్పుడు చెప్పాడు జంగయ్య. పన్నెండేళ్ళ కింద వాళ్ళ తమ్ముడు అదే బయల్లో పిడుగుపడి పోయాడట. ఉరిమింది, కానీ విమానం అనుకున్నాడట.

"ఇమానమేదో ఉరుమేదో మాకు తెల్వది మేడం. రెండూ గొడగొడనే. గీ డబ్బా ఒక్కటే అబద్ధం చెప్పది. ఎక్కడ మెరిసినా ముందు దీనికే ఎరుకైతది."

ఎనభై ఒక్క శాతం. అవి ఫిర్యాదులు కావు.

మే 7

దుర్గేష్‌కి చెప్పాను. దుర్గేష్ చెడ్డవాడు కాదు. ల్యాప్‌టాప్ మూసి మరీ విన్నాడు. మీడియం వేవ్‌లో మెరుపు వినిపిస్తుందని తనకీ తెలుసట, ఇంజనీరింగ్‌లో చదివాడట. కానీ సంయుక్తా, మీ రేడియో గొప్పతనం అందులో వచ్చే డిస్టర్బెన్సే అని క్లయింట్‌కి ఏ ముఖంతో చెప్తాం అన్నాడు. పిడుగుల అలర్ట్‌కి మంచి యాప్‌లు వచ్చాయి, వాళ్ళ దగ్గర ఫోన్ ఉంది కదా అన్నాడు. ఉంది. మూడో ప్రశ్న. టిక్ నేనే పెట్టాను.

అనుబంధంలో ఒక పేరా రాయమన్నాడు. పేజీన్నర రాశాను.

మే 19

రిపోర్ట్ వెళ్ళింది. పద్నాలుగు స్లైడ్‌లు. అనుబంధం లేదు.

మే 23

స్టేషన్ వాళ్ళ నిర్ణయం వచ్చింది. జూన్ 1 నుంచి రెండు వారాలు ట్రయల్. ట్రాన్స్‌మిటర్ ఆపేస్తారు. ముందుగా ప్రకటన ఉండదు. చెప్తే జనం ఊరికే గొడవ చేస్తారట, చెప్పకుండా ఆపితేనే నిజంగా కావలసిన వాళ్ళెవరో తెలుస్తుందట. టోల్‌ఫ్రీ నంబర్‌కి వచ్చే ఫిర్యాదులు మేం లెక్కపెట్టాలి. యాభై దాటితే ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. లేకపోతే నెలాఖరుతో శాశ్వతంగా ఆపేస్తారు.

బయట ఎవరికీ చెప్పకూడదని అందరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు. నా కన్ఫర్మేషన్ లెటర్ హెచ్‌ఆర్ దగ్గర ఉందని దుర్గేష్ అప్పుడే చెప్పాడు. ఈ రెంటికీ సంబంధం లేదు. ఒకే ఊపిరిలో చెప్పాడు, అంతే.

సంతకం పెట్టాను.

మే 30

చెప్పేద్దామనే కొత్వాల్‌గూడ వెళ్ళాను. చెప్పలేదు.

చంద్రమ్మ ఫోన్ అడిగి తీసుకుని పిడుగుల అలర్ట్ యాప్ ఎక్కించాను. లొకేషన్ ఆన్ చేశాను. సౌండ్ ఫుల్ పెట్టాను. ఏంది బిడ్డా గిది అంది. పిడుగు పడేముందు ఇది గట్టిగా మోగుతుంది, అప్పుడు ఇంటికి వచ్చెయ్యండి అన్నాను. మరి డబ్బా ఉన్నది గద అంది. ఇదీ ఒకటి ఉండనివ్వండి అన్నాను. నా గొంతు నాకే సేల్స్‌గర్ల్ గొంతులా వినిపించింది.

మెంతికూర రెండు కట్టలు ఇచ్చింది. వద్దన్నాను. స్కూటీ బుట్టలో పడేసింది. కర్ర మీద రేడియో పాడుతూనే ఉంది. దానివైపు చూడలేదు.

అమ్మ కూర బాగుందంది. నేను తినలేదు.

జూన్ 1, ఉదయం 6.10

మా ఇంట్లో రేడియో లేదు. ట్రాన్స్‌మిటర్ ఆపారో లేదో తెలుసుకోవాలని పల్లెనాదం యాప్ తెరిచాను. పాట వస్తోంది. స్పష్టంగా, ఏ చిటచిటా లేకుండా. యాప్‌లో ఏమీ జరగనట్టే ఉంది.

జూన్ 3

ఫిర్యాదులు: 0.

జూన్ 4

0. సాయంత్రం గాలిదుమారం. ఆఫీసు అద్దాలు ఊగాయి. పిడుగులు రాజేంద్రనగర్ వైపు. కొత్వాల్‌గూడలో పడలేదని పిడుగుల యాప్ చెప్పింది. ఆ యాప్ నా ఫోన్‌లోనూ ఎక్కించుకున్నాను.

జూన్ 6

ఆఫీసు టేబుల్ ఫ్యాన్ తిరగడం లేదు. లంచ్ టైములో బస్టాండ్ దగ్గర మహేష్ అన్న షాపుకి తీసుకెళ్ళాను. మిక్సీలు, ఫ్యాన్లు, రేడియోలు బాగుచేస్తాడు. ఫ్యాన్ పెట్టడానికి కౌంటర్ మీద చోటు లేదు. అంతా రేడియోలు.

లెక్కపెట్టాను. పదకొండు.

అన్నీ విప్పి ఉన్నాయి. ఒక్కోదానికీ ప్లాస్టర్ అతికించి పేరూ ఊరూ రాశాడు. మహేష్ అన్న పిచ్చెక్కినట్టున్నాడు. ఐదు రోజుల్లో వచ్చాయట అన్నీ. ఒక్కదాంట్లో కూడా లోపం దొరకలేదట. ఎఫ్ఎం పలుకుతుంది, సెల్‌లో కరెంటుంది, స్పీకర్ మంచిగుంది, పల్లెనాదం ఒక్కటే రాదట. ఎయిర్‌పోర్ట్‌లో ఏదో మిషన్ పెట్టిన్రు అక్కా, అదే గుంజుకుంటున్నది అన్నాడు.

నేను ఐదోదాని మీద ప్లాస్టర్ చదువుతున్నాను. జంగయ్య, కొత్వాల్‌గూడ.

ఇప్పుడు అర్థమైంది. ఫిర్యాదులు ఎందుకు సున్నానో. స్టేషన్ ఆగిపోతుందన్న ఊహే వీళ్ళకి లేదు. సూర్యుడు రాకపోతే కళ్ళు పోయాయనుకుంటారు గానీ సూర్యుడి మీద ఎవరు కంప్లయింట్ చేస్తారు? ఎవరి రేడియో పాడైందని వాళ్ళు అనుకున్నారు. తీసుకొచ్చి ఇక్కడ పెట్టారు. ఇవాళ ఆ పదకొండు మళ్ళలోనూ రేడియో లేదు.

స్టేషన్ లేకపోయినా మెరుపు చిటచిట వస్తుందా అన్నా అని అడిగాను. ఒకటి ఆన్ చేసి ముల్లు తిప్పి చూపించాడు. హోరు.

"మెరిస్తే వస్తది అక్కా. గానీ పాట లేని డబ్బాని పొద్దంతా ఎవడు మోగనిస్తడు?"

ఫ్యాన్ అక్కడే వదిలేసి బయటికొచ్చి దుర్గేష్‌కి ఫోన్ చేశాను. అంతా విని, టోల్‌ఫ్రీకి వస్తేనే ఫిర్యాదు, రిపేర్ షాపు మన చానెల్ కాదు సంయుక్తా అన్నాడు. రేపు మధ్యాహ్నం హెచ్‌ఆర్‌తో నా మీటింగ్ ఉందని గుర్తుచేశాడు.

కొత్వాల్‌గూడ పావుగంట దూరం. మీటింగ్ కాగానే రేపు వెళ్తాను. అన్నీ చెప్పేస్తాను. ఎల్లుండి కాదు, రేపే.

జూన్ 7, మధ్యాహ్నం 3.25

లెటర్ చేతిలో ఉంది. స్పెల్లింగ్ తప్పుల్లేకుండా నా పేరు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడే ఏదో గొడగొడమంది. దుబాయ్ విమానం అన్నారెవరో. నవ్వారు.

నా ఫోన్ మోగింది. అలర్ట్. హిమాయత్‌సాగర్ పరిసరాలు.

జూన్ 7, సాయంత్రం

చంద్రమ్మ ఫోన్ ఎత్తలేదు. నాలుగుసార్లు చేశాను. స్కూటీ తీశాను. సర్వీస్ రోడ్డు మీద వాన, ముందేమీ కనిపించలేదు. నేను చేరేసరికి ఇంటి ముందు జనం. అంబులెన్స్ వెళ్ళిపోయింది. జంగయ్య బతికే ఉన్నాడు. ఆయనకి ఇరవై అడుగుల దూరంలో పడిందట. చంద్రమ్మ నీళ్ళ కోసం గట్టు దిగింది, అందుకే మిగిలింది.

ఇంతకన్నా రాయలేను.

జూన్ 9

దవాఖానకి వెళ్ళాను. జంగయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. కాలి మీద కాలిన మచ్చ, కొమ్మలు కొమ్మలుగా. నన్ను గుర్తుపట్టి నవ్వాడు. ఎట్లున్నరు అన్నాను. నా పెదాలు చూశాడు. చంద్రమ్మవైపు చూశాడు.

చెవులు రెండూ పోయాయి. కర్ణభేరులు పగిలాయట. కొంచెం తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారట డాక్టర్లు.

చంద్రమ్మ నన్ను నడవాలోకి తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. నువ్వు పెట్టిచ్చిన ఫోన్ మోగిందంట బిడ్డా అని చెప్పింది. పక్కింటి భాగ్యలక్ష్మి విన్నదట. గట్టిగనే మోగిందంట.

ఫోన్ ఎక్కడుంది అని అడిగాను.

"ఇంట్ల. బియ్యం డబ్బల పెట్టిన. చేన్లకు ఫోన్ కొంచవోతే పిడుగును గుంజుకుంటదని అందరంటరు గద. వానల దినాల మేం కొంచవోనే పోం."

ఫోన్ పిడుగుని గుంజదు. ఆ సంగతి నాకు తెలుసు. వాళ్ళు అలా నమ్ముతారన్నది తెలియదు. ముప్పైరెండు ప్రశ్నలు అడిగాను. ఆ ఒక్కటీ అడగలేదు.

అప్పుడు చెప్పేశాను. రేడియో పాడవలేదు, మేమే ఆపించాం, నాకు ముందే తెలుసు అని. ఆమె అడిగింది.

"మరి ఆనాడు నువ్వొచ్చింది గిది చెప్పనీకేనా?"

అవునన్నాను.

"చెప్పకపోతివి."

అంతే. లేచి లోపలికి వెళ్ళింది.

జూన్ 11

మహేష్ అన్న దగ్గర పదకొండు పేర్లూ, ఫోన్ నంబర్లూ రాసుకుని టోల్‌ఫ్రీకి ఫోన్ చేశాను. ఎత్తింది మా ఫ్లోర్‌లోనే కూర్చునే కళ్యాణి. నా గొంతు గుర్తుపట్టేసింది. ఒకే నంబర్ నుంచి ఎన్ని వచ్చినా ఒకటిగానే ఎక్కించాలి అంది, పాపం ఇబ్బందిగా. స్టాఫ్ చేస్తే ఆ ఒకటీ ఎక్కదు అంది.

మిగతా పదిమందికీ ఫోన్ చేసి మీరే చెయ్యండి అన్నాను. సగం మంది ఎత్తలేదు, ఆ ఫోన్‌లు ఇళ్ళల్లో మోగుతుంటాయి. ఎత్తిన వాళ్ళలో ఒకాయన, రేడియో మహేష్ దగ్గర ఉన్నది గద మేడం, అయినంక జూద్దం అన్నాడు.

నాన్నకి అంతా చెప్పాను. ఆయన వాదించలేదు. కంచం ముందు కూర్చుని, వాళ్ళు వినలేదు కదమ్మా, కాపలా పెట్టుకున్నారు అన్నారు. పెరుగు కలపకుండానే లేచారు.

జూన్ 14

ఆఖరి స్లైడ్. ట్రయల్ కాలంలో వచ్చిన ఫిర్యాదులు: 0. సిఫార్సు: జూన్ 30తో మీడియం వేవ్ ప్రసారం నిలిపివేత. రేపటి నుంచి అప్పటిదాకా మామూలుగా నడుస్తుంది.

నా పేజీన్నరా స్టేషన్ వాళ్ళకి నేరుగా మెయిల్ చేశాను, జంగయ్య ఆస్పత్రి కాగితం ఫోటోతో. దుర్గేష్ కాపీలో ఉన్నాడు. సాయంత్రం నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. వెళ్ళిపోయాడు. లెటర్ డ్రాయర్‌లో ఉంది. ఎన్నాళ్ళుంటుందో తెలియదు.

జూన్ 15

మహేష్ అన్న ఫోన్. అన్నీ వాటికవే బాగైపోయినయ్ అక్కా అంటున్నాడు. పొద్దున్నే ఒక్కసారి మొదలుపెట్టాయట. భయమైందట. కనెక్షన్లు కలిపి వరసగా పెట్టాడు, ఎవరూ రావడం లేదట. విత్తనాల రోజులు, అందరూ చేలల్లో ఉన్నారు.

రేపు నేనే వెళ్ళి జంగయ్యది తీసుకుంటాను. చంద్రమ్మ ఆయన్ని చూసుకోమని చెల్లెలికి అప్పగించి ఇవాళే మడిలోకి దిగిందట. భాగ్యలక్ష్మి చెప్పింది. ముదిరితే కూర పోతుంది కదా. ఒక్కతే.

జూన్ 16, మధ్యాహ్నం 2.50

మహేష్ అన్న షాపు. ప్లానర్ వెనక అట్ట మీద రాస్తున్నాను.

పదకొండూ ఆన్‌లో ఉన్నాయి. ఒకే పాట. బయట తెల్లటి ఎండ. ఆకాశంలో మచ్చ లేదు.

పాట మధ్యలో చిట్ మంది. పదకొండూ ఒకేసారి. మళ్ళీ.

చంద్రమ్మ నంబర్‌కి చేశాను.

మోగుతోంది. బియ్యం డబ్బాలో.

ఐదోది చంకలో పెట్టుకున్నాను. స్కూటీ తాళం ఏది?

మోగుతూనే ఉంది.